పాత కారులో పెట్రోల్ వాసన వస్తోందా? ముందు ఆ రబ్బరు పైపులు చూడండి

2025 మే నెలలో, విజయవాడలో ఎండ మాడు పగలగొడుతున్న రోజుల్లో, మా ఆవిడ కారెక్కి కూర్చోగానే "ఏవండీ, పెట్రోల్ వాసన వస్తోంది" అంది. మాది 1998 మారుతి 800, కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న బండి. "పాత బండి కదా, ఆ మాత్రం వస్తుందిలే" అని నేను కొట్టిపారేశాను. నాలుగు రోజులయ్యాక వేరే పని మీద షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ బోనెట్ ఎత్తి పైపైన ఓ చూపు చూసి, "పాత బండి సార్, పెట్రోల్ వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

ఆదివారం పొద్దున్నే ఎందుకో మనసు ఊరుకోక నేనే బోనెట్ ఎత్తి, ఇంజిన్ రెండు నిమిషాలు తిప్పి ఆపేసి, టార్చి వేసి చూశాను. పంపు నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే జానెడు రబ్బరు పైపు పైకి నల్లగా, శుభ్రంగా, ఏ లోపమూ లేనట్టే ఉంది. క్లిప్పు దగ్గర, మనకి కనిపించని కింది వైపు వేలు పెడితే మాత్రం తడి తగిలింది. పైపు ఊడదీసి వేళ్ల మధ్య పెట్టి వంచాను. మడమ పగుళ్లు విచ్చుకున్నట్టు చుట్టూ సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయి, ఇంకాస్త వంచేసరికి పాత బిస్కెట్‌లా పుటుక్కున విరిగింది. ఆ పైపు ఉన్న చోటికి బెత్తెడు దూరంలో, ఇంజిన్‌లో రవ్వ పుట్టించే కరెంటు మోసే ప్లగ్ వైర్లు ఉన్నాయి. ఆ బండిలోనే ముందు రోజు పిల్లల్ని ఎక్కించుకుని గుంటూరు వెళ్లొచ్చాం.

అందుకే ఇది రాస్తున్నా. బండి ఎంత పాతదైనా పెట్రోల్ వాసన రాకూడదు, వస్తోందంటే ఎక్కడో కారుతోంది, అంతే. పాత కారు కాలిపోయే కారణాల్లో ఇదొకటి, మనం కొన్ని గంటల పనితో, చిన్న ఖర్చుతో తప్పించుకోగలిగింది కూడా ఇదే. ఇంకో కారణం వైరింగ్, దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

అసలు రబ్బరు ఎక్కడెక్కడ ఉంటుంది

ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా బండి కింద వెళ్లేది చాలావరకు ఇనుప పైపే. అది తుప్పు పట్టకపోతే దశాబ్దాలు ఉంటుంది. కానీ ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు, కాబట్టి రెండిటి మధ్య కలిపే చోట రబ్బరు తప్పదు. ట్యాంకు బయటికి వచ్చే చోట ఒక ముక్క, ఇనుప పైపు అయిపోయి ఫిల్టర్‌కి వచ్చే చోట ఒకటి, ఫిల్టర్ నుంచి పంపుకి, పంపు నుంచి కార్బొరేటర్‌కి, మిగిలిన పెట్రోల్‌ని వెనక్కి పంపే రిటర్న్ లైనులో మళ్లీ రెండు మూడు ముక్కలు. ఇవి కాక పెట్రోల్ పోసే మూతి నుంచి ట్యాంకుకి వెళ్లే లావు పైపు, దాని పక్కనే గాలి పోయే సన్న పైపు. కొన్ని బండ్లలో ట్యాంకు ఆవిరిని బొగ్గు డబ్బాలోకి పంపే పైపు కూడా ఉంటుంది. మొత్తం కొలిస్తే రెండు మూడు మీటర్లు ఉంటుందేమో. ఇంజిన్ ఓవరాలింగ్ చేయించినవాళ్లు, కొత్త పెయింటు వేయించినవాళ్లు కూడా ఈ రెండు మూడు మీటర్ల రబ్బరు మాత్రం కంపెనీ నుంచి వచ్చిందే పాతికేళ్లుగా తిప్పుతుంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. ఆర్‌సీ 2013లో, 2018లో, 2023లో మూడుసార్లు రెన్యువల్ చేయించాను. ఆర్‌సీకి అయిదేళ్లు పెరిగింది, పైపులకి పెరగలేదు.

ఓమ్నీ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. దాంట్లో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, అంటే కారే పైపు మీద మీరు కూర్చుని ఉంటారు.

ఎందుకు పాడవుతాయి

మొదటిది వేడి. బండి నడుస్తున్నప్పటి కంటే ఆపిన తర్వాత మొదటి పావుగంటలో బోనెట్ కింద పైపులకి సెగ ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే ఫ్యాను ఆగిపోతుంది, ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ వేడంతా అక్కడే తిరుగుతుంటుంది. మన ఎండాకాలంలో ఇలా రోజుకి నాలుగుసార్లు కాగి చల్లారితే రబ్బరులో మెత్తదనం పోయి గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు క్లిప్పు కింద మళ్లీ ఉబ్బదు, ఇంజిన్ ఊగినప్పుడల్లా అక్కడే పగులుతుంది.

రెండోది పెట్రోల్‌లో ఇథనాల్. దీని మీద చాలా గొడవ జరుగుతోంది, నేను ఆ గొడవలోకి పోను. దేశంలో 10 శాతం కలపడం 2022 జూన్‌కి పూర్తయింది, 20 శాతం కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 కల్లా దాదాపు అన్ని బంకుల్లోకి వచ్చేసింది. 1998లో నా బండికి పైపులు చేసినవాళ్లు దీన్ని ఊహించలేదు. పాత రకం రబ్బరు ఇథనాల్ పీల్చుకుని ఉబ్బుతుంది, బండి రెండు మూడు వారాలు కదలకుండా ఉంటే ఎండి కుంచించుకుపోతుంది, ఇలా ఉబ్బీ ఎండీ లోపలి పొర పొడిలా రాలడం మొదలవుతుంది. ఫిల్టర్‌లో నల్లటి నలుసులు కనిపిస్తే అవి ట్యాంకులో మట్టి అనుకోకండి, పైపు లోపలి చర్మం అయి ఉండొచ్చు. కొన్ని పాత బండ్లలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని పెట్రోలియం శాఖ కూడా 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో చెప్పింది. "పెద్ద ఖర్చేమీ కాదు, సర్వీసింగ్‌లో అయిపోతుంది" అని కూడా చెప్పింది. నిజమే, కాకపోతే ఆ సర్వీసింగ్‌లో మనం అడిగితేనే చేస్తారు.

మూడోది ఎలుకలు. నవ్వకండి. చలికాలంలో, వానల్లో బోనెట్ కింద వెచ్చగా ఉంటుందని దూరి వైర్లు, పైపులు కొరికేస్తాయి. కొత్త పైపు అయినా సరే వాటికి తేడా లేదు. బ్యాటరీ మీద ఎలుక పెంటికలు కనిపించాయంటే ఆ రోజు పైపులన్నీ తడిమి చూడకుండా సెల్ఫ్ కొట్టొద్దు.

గ్యాస్ కిట్ ఉన్న బండ్లది ఇంకో కథ. ఎల్పీజీ మీదో సీఎన్జీ మీదో నెలల తరబడి తిప్పుతారు, పెట్రోల్ పైపులు ఎండిపోయి పగుళ్లిస్తాయి. ఒకరోజు దారిలో గ్యాస్ అయిపోతుంది, స్విచ్చి పెట్రోల్‌కి మారుస్తారు, పగిలిన పైపులోకి ఒక్కసారిగా పెట్రోల్ వస్తుంది. గ్యాస్ మీద తిరిగే బండైనా వారానికోసారి కాసేపు పెట్రోల్ మీద నడపమనేది ఇందుకే.

నిప్పు ఎలా అంటుకుంటుంది

పెట్రోల్ నీళ్లలా నిలబడి ఉండదు, మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన 44 డిగ్రీల మాట చెప్పనే అక్కర్లేదు. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, అందుకే పైకి పోకుండా నేల మీద పాకుతూ మూలల్లో చేరుతుంది. గాలిలో సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం దాకా ఆవిరి కలిస్తే చాలు, చిన్న రవ్వ తగిలినా భగ్గుమంటుంది. పాత బండి బోనెట్ కింద రవ్వలకి కొదవలేదు: వేల వోల్టుల ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ బ్రష్‌లు. ప్లగ్ వైర్లు ముసలివైపోతే చీకట్లో బోనెట్ ఎత్తి చూస్తే నీలంగా చిటపటలాడటం కంటికే కనిపిస్తుంది. ఇవి కాక ఎర్రగా కాగే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉండనే ఉంది.

కార్బొరేటర్ బండ్లలో పైపులో ఒత్తిడి తక్కువ, కారితే చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్షన్) బండ్లలో అలా కాదు, ట్యాంకులో కరెంటు పంపు మూడు బార్ల చుట్టుపక్కల ఒత్తిడితో తోస్తుంది, అంటే బండి టైరులో గాలి కంటే ఎక్కువ. అక్కడ సూదిమొనంత బెజ్జం పడినా పిచికారీ కొట్టినట్టు పొగమంచులా చిమ్ముతుంది, ఇంజిన్ మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది.

ఎలా వెతకాలి

పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, బండి ఆరుబయట పెట్టుకుని చూడండి. షట్టరు వేసిన గ్యారేజీలో వద్దు. పక్కన తులసికోట దగ్గర దీపం వెలుగుతోందా, వాకిట్లో అగరొత్తి ఉందా చూసుకోండి, ఆవిరి నేల మీద పాకుతుందని ఇప్పుడే అనుకున్నాం. షెడ్లలో వైరుకి వేలాడదీసే గాజు బల్బు అస్సలు వాడొద్దు, అది చేయి జారి పగిలితే లోపల ఎర్రగా కాలే తీగె చాలు. ఎల్‌ఈడీ టార్చి వాడండి, లేదా ఫోను లైటు.

బోనెట్ ఎత్తగానే ముందు ముక్కుతో పని. రాత్రంతా మూసి ఉన్న బోనెట్ తెరిచిన మొదటి రెండు సెకన్లలో వచ్చే వాసన అన్నిటికంటే నిజం చెబుతుంది, తర్వాత గాలికి పోతుంది. ఆ తర్వాత ఒక్కో పైపునీ వేళ్లతో పిండి చూడండి. మంచి పైపు నొక్కితే లొంగి, వదిలితే వెంటనే తిరిగొస్తుంది. గట్టిగా చెక్కలా ఉంటే అది ముసలిదైపోయింది. జిగటగా, మరీ మెత్తగా, నొక్కిన చోట సొట్ట ఉండిపోతే లోపల ఉబ్బిపోయింది, అదీ పనికిరాదు. క్లిప్పు దగ్గర పైపు మీద గాటు పడిందా, చివర్లో పొట్ట ఉబ్బిందా చూడండి. పైన నూలు అల్లిక ఉన్న పాత రకం పైపులైతే పగుళ్లు అల్లిక కింద దాక్కుంటాయి, వాటిని చూసి ఏమీ తేల్చలేం, వయసు చూసి మార్చేయడమే.

టిష్యూ కాగితం ముక్క తీసుకుని ప్రతి జాయింటు కిందా అద్దండి. పెట్రోల్ చుక్క కంటికి కనిపించేలోపే ఆవిరైపోతుంది, కానీ కాగితానికి తడి, వాసన అంటుకుంటాయి. పెట్రోల్ కారి ఎండిన చోట పసుపు-గోధుమ రంగు మరక ఉంటుంది, దుమ్ము అక్కడ మిగతా చోట్ల కంటే వేరుగా అంటుకుని ఉంటుంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచి, ఆపి, మళ్లీ అద్దండి. కొన్ని లీకులు పంపు ఆడుతున్నప్పుడే వస్తాయి. నడుస్తున్న ఇంజిన్‌లో మాత్రం చేతులు పెట్టొద్దు, బెల్టుకీ ఫ్యానుకీ లుంగీ కొంగులు, చున్నీలు అంటే మహా ఇష్టం.

ఇక్కడో తిరకాసు ఉంది. కార్బొరేటర్ బండిలో పంపుకి ముందున్న పైపులో, అంటే ట్యాంకు వైపు, పగులు ఉంటే పెట్రోల్ బయటికి కారకపోవచ్చు, పంపు పీలుస్తుంది కాబట్టి పగుల్లోంచి గాలి లోపలికి పోతుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కుతుంది, వేగంలో ఒక్కసారి ఆగినట్టయి మళ్లీ అందుకుంటుంది, పొద్దున్న సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తుంది. జనం కార్బొరేటర్ క్లీనింగ్ చేయిస్తారు, ప్లగ్గులు మారుస్తారు, పాయింటు సెట్ చేయిస్తారు, కాస్త ఖర్చయ్యాక చివరికి తేలేది అయిదు అంగుళాల రబ్బరు ముక్క.

ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడుతూ, ఆయిల్ మట్టం పోసినదానికంటే పెరిగి ఉంటే పంపులో డయాఫ్రమ్ (సన్నటి రబ్బరు పొర) చిరిగి పెట్రోల్ కిందికి దిగుతూ ఉండొచ్చు. అప్పుడు పంపు మార్చాలి, ఆయిల్ కూడా మార్చాలి, ఆ పల్చటి ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. అలాగే కార్బొరేటర్ పై అంచు తడిగా ఉంటే లోపల పెట్రోల్ మట్టాన్ని అదుపులో పెట్టే ఫ్లోట్ నీడిల్ ఇరుక్కుని పెట్రోల్ పొంగుతోందని అర్థం, ఎన్ని పైపులు మార్చినా అది పోదు.

వాసన కారు వెనక భాగంలో వస్తుంటే, ముఖ్యంగా ఫుల్ ట్యాంక్ చేయించిన రోజే వస్తుంటే, పెట్రోల్ పోసే మూతి పైపు, ట్యాంకు పైనున్న గాస్కెట్ చూడాలి. ఇది పాత బండ్లకే పరిమితం కాదు. 2010లో మారుతి సుమారు లక్ష ఏ-స్టార్ కార్లని ట్యాంకు పంపు గాస్కెట్ కోసం వెనక్కి పిలిచింది, 2014లో ఎర్టిగా, స్విఫ్ట్, డిజైర్ కలిపి 1,03,311 బండ్లని పోసే మూతి పైపు కోసం పిలిచింది. రెండిట్లోనూ ట్యాంకు బాగా నింపితేనే బయటపడే లోపం. బంకులో గన్ను దానంతటదే ఆగాక "రౌండ్ ఫిగర్ చేయన్నా" అని ఇంకో పాతిక రూపాయలది కుక్కించే అలవాటు మనందరికీ ఉంది, దాన్ని మానేయండి.

ఏం కొనాలి

నేను ఆటోనగర్‌లో కొన్నాను. షాపులో "పెట్రోల్ పైపు" అంటే ముందు ఇచ్చేది చవకరకం, మోపెడ్లకి వేసే పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు. అది వేడికి మెత్తబడి, ఇథనాల్‌కి పసుపెక్కి, ఆర్నెల్లలో గాజులా అవుతుంది. అది వద్దు. వాక్యూమ్ పైపు వద్దు, రేడియేటర్ నీళ్ల పైపు వద్దు, వంటింటి గ్యాస్ పొయ్యి ట్యూబు అసలే వద్దు. ఇవన్నీ బండ్లలో వేసి ఉండగా నా కళ్లతో చూశాను కాబట్టే ఇంత చెబుతున్నా.

పైపు మీద ఏం అచ్చయి ఉందో చదవండి. ఎస్‌ఏఈ జె30 ఆర్7 (SAE J30 R7, పెట్రోల్ పైపుల ప్రమాణం గుర్తు) అని ఉంటే కార్బొరేటర్ బండి ఒత్తిడికి సరిపోతుంది. ఆర్9 అని ఉంటే లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది, ఇథనాల్‌ని బాగా తట్టుకుంటుంది, ఇంజెక్షన్ బండ్ల ఒత్తిడినీ తట్టుకుంటుంది. ధర ఎక్కువే, అయినా కార్బొరేటర్ బండికి కూడా నేను ఆర్9 వేశాను, ఎలాగూ కావాల్సింది రెండు మూడు మీటర్లే. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే పైపు మాత్రం వేరే రకం, బయట వేసేది లోపల వేస్తే బయటి పొర కరిగిపోతుంది. అచ్చు ఏమీ లేని నల్ల పైపుని "ఒరిజినల్ సార్" అంటే నమ్మొద్దు.

సైజు కంటితో చెప్పొద్దు. పాత ముక్క పట్టుకెళ్లండి, కానీ అది ఉబ్బి ఉంటుంది కాబట్టి దాని బెజ్జం కొలవకుండా ఇనుప పైపు బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. సప్లై లైనుది ఒక సైజు, రిటర్న్‌ది ఒక సైజు ఉండటం మామూలే. ఒక మిల్లీమీటరు లూజు పైపుని క్లిప్పు బిగించి సరిపెడదామనుకుంటే అది ముడత పడి ఆ ముడతలోంచే కారుతుంది.

క్లిప్పులు కూడా కొత్తవే. గాడులు చీల్చి ఉండే మామూలు స్క్రూ క్లిప్పులు బిగిస్తుంటే ఆ గాడులు రబ్బరుని తురుముతాయి. అంచులు పైకి మడిచి, లోపలి వైపు నునుపుగా ఉండే క్లిప్పులు అడగండి. ఫిల్టరూ ఎలాగూ మార్చండి. పైపులు, క్లిప్పులు, ఫిల్టర్ అన్నీ కలిపి నాకు రెండు వేలు దాటలేదు.

మార్చే పద్ధతి

ఇది కార్బొరేటర్ బండికి చెబుతున్నా. ఎంపీఎఫ్‌ఐ బండి అయితే ముందు పంపు ఫ్యూజు లేదా రిలే పీకేసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా నడిపి, మరోసారి సెల్ఫ్ కొట్టి ఒత్తిడి దించాలి. అది చేయకుండా పైపు వదులు చేస్తే మొహం మీద చిమ్ముతుంది. ఆ బండ్లలో కంపెనీ క్లిక్ జాయింట్లు, ప్లాస్టిక్ పైపులు ఉన్నచోట రబ్బరు ముక్క వేసి అతికించే అడ్జస్ట్‌మెంట్ పని వద్దు, కంపెనీ పైపే వేయించండి. అనుభవం లేకపోతే ఇంజెక్షన్ బండి జోలికి మీరు పోకపోవడమే మంచిది. గ్యాస్ కిట్ పైపుల జోలికి ఎవరూ పోవద్దు, అవి కిట్ వేసినవాళ్లే చూడాలి.

ట్యాంకులో పెట్రోల్ బాగా తగ్గినప్పుడు పని పెట్టుకోండి. రాత్రంతా చల్లారిన బండి, ఆరుబయట, పక్కన మంటలార్పే సిలిండరు, సిగరెట్ కాల్చే బావగారిని వీధి చివరకి పంపేయడం, ఇవయ్యాక బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి పక్కకి వంచి పెట్టండి. పెట్రోల్ మూత ఒకసారి తెరిచి "భుస్" మని ఆవిరి పోయాక మళ్లీ పెట్టండి, ఎండాకాలంలో ఇది చేయకపోతే పైపు ఊడదీయగానే ట్యాంకులో ఒత్తిడికి పెట్రోల్ తోసుకొస్తుంది. కళ్లకి అద్దాలు పెట్టుకోండి. ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి, సప్లై, రిటర్న్ తారుమారు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ.

అన్ని పైపులూ ఒకేసారి పీకకుండా ఒకటి తీసి, దాని స్థానంలో ఒకటి వేసి, తర్వాతి దానికి వెళ్లండి. పాత పైపు అతుక్కుపోయి రాకపోతే కటింగ్ ప్లయర్‌తో లాగొద్దు, కార్బొరేటర్ మీదుండే ఇత్తడి మూతి వంగినా, వదులైనా పైపు కంటే పెద్ద ఖర్చు తగులుకుంటుంది. బ్లేడుతో పైపుని పొడుగునా చీల్చి, అరటిపండు తొక్క తీసినట్టు విప్పేయండి, ఇత్తడి మీద గాటు పడకుండా. కారే పెట్రోల్‌కి కింద స్టీలు గిన్నె పెట్టండి. నీళ్ల బాటిల్‌లో మాత్రం పట్టొద్దు, ఇంట్లో పిల్లలుంటే అది నీళ్లే అనుకుంటారు. ట్యాంకు ఖాళీ చేయడానికి పైపు నోట్లో పెట్టుకుని లాగడం మన దగ్గర మామూలు విద్య, ఒక్క గుక్క పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలే. ట్యాంకు వైపు పైపు తీసినప్పుడు ధార ఆగకపోతే సరిపోయే బోల్టు ఒకటి మూతిలో దూర్చండి.

కొత్త పైపుని కొత్త బ్లేడుతో అడ్డంగా, చివర వాలు రాకుండా తిన్నగా కోయండి. పాతదానికంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగు ఉంచండి, ఇంజిన్ ఊగినప్పుడు బిగుసుకోకూడదు. ఇనుప పైపు చివర చిన్న ఉబ్బు ఉంటుంది చూడండి, దాన్ని దాటి రెండున్నర సెంటీమీటర్ల దాకా ఎక్కించాలి. ఎక్కకపోతే ఒక చుక్క పెట్రోల్‌తో తడపండి చాలు, గ్రీజు పూయొద్దు. క్లిప్పు ఆ ఉబ్బుకి వెనక వైపు, పైపు అంచుకి కొద్దిగా లోపలికి రావాలి. ఉబ్బు మీదే బిగించారంటే అది రేపో మాపో జారుతుంది. ఎంత బిగించాలంటే, రబ్బరు క్లిప్పు కింద కొంచెం నొక్కుకుని పక్కలకి చిన్నగా పొంగాలి, క్లిప్పు అందులోకి మునిగిపోకూడదు. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు చూడాలి. పైపు ఎక్కడా బ్యాటరీ ట్రేకీ, బ్రాకెట్ అంచుకీ రాసుకోకుండా, ఎగ్జాస్ట్‌కి వీలైనంత దూరంగా పోయేలా కట్టుకోండి. రాసుకునే చోటు తప్పకపోతే పైన ఇంకో లావు రబ్బరు తొడుగు వేయండి.

బ్యాటరీ కలిపే ముందు చిందిన పెట్రోల్ తుడిచి, పావుగంట బోనెట్ ఎత్తి ఉంచండి. తుడిచిన గుడ్డలు ఎండలో ఆరుబయట ఆరేయండి, డిక్కీలో కుక్కొద్దు. సెల్ఫ్ కొడితే వెంటనే అందుకోదు, ఖాళీ పైపు నిండాలి కాబట్టి పది సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు కొట్టాల్సి రావొచ్చు. అయిదు నిమిషాలు నడిపి, ఆపి, టిష్యూతో ప్రతి జాయింటూ అద్దండి. పది కిలోమీటర్లు తిరిగొచ్చాక ఇంకోసారి. మర్నాడు పొద్దున్న మళ్లీ, ఎందుకంటే కొత్త రబ్బరు క్లిప్పు కింద కొంచెం సర్దుకుంటుంది, అర చుట్టు బిగించాల్సి రావొచ్చు.

దారిలో కారితే ఎం-సీల్ పెట్టడం, సైకిల్ ట్యూబు చుట్టడం, టేపు వేయడం, ఇవేవీ పెట్రోల్ ముందు నిలవవు. ఇనుప ట్యాంకుకి సూదిబెజ్జం పడితే బట్టల సబ్బు రుద్ది ఆపడం పాతకాలం డ్రైవర్ల కిటుకు, సబ్బు పెట్రోల్‌లో కరగదు కాబట్టి అది కాసేపు నిలుస్తుంది కూడా. అది బండిని రోడ్డు పక్కకి తెచ్చి టోయింగ్ వాహనం వచ్చేదాకా చుక్కలు ఆపడానికి మాత్రమే. సబ్బు పెట్టుకుని తిరుపతి దాకా వెళ్లొచ్చామని చెప్పేవాళ్లని నమ్మండి, కానీ వాళ్లతో పాటు మీరు ఎక్కొద్దు.

ఒకవేళ పొగ వస్తే

నడుస్తుండగా బోనెట్ సందుల్లోంచి పొగ కనిపిస్తే పక్కకి ఆపి ఇగ్నిషన్ ఆఫ్ చేయండి, దాంతో పంపు ఆగుతుంది. అందరూ దిగి కనీసం ముప్ఫై అడుగులు దూరం వెళ్లాలి, సామాను కోసం వెనక్కి రావొద్దు. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. బోనెట్ బార్లా ఎత్తొద్దు, లోపల ఊపిరాడక కుములుతున్న మంటకి ఒక్కసారిగా గాలి అందుతుంది. మంట చిన్నదే అనిపించి చేతిలో సిలిండరు ఉంటే, లీవరు లాగి బోనెట్ అంగుళం లేచిన సందులోంచో, ముందు జాలీలోంచో, మంట అడుగుభాగానికి కొట్టండి. నీళ్లు పోయొద్దు, పెట్రోల్ నీళ్ల మీద తేలి మంటని మోసుకుపోతుంది. ఒక కిలో సిలిండరు పది సెకన్ల పైన రాదు, అది అయిపోయినా ఆరకపోతే బండిని వదిలేయండి. ఏబీసీ పౌడరు రకం కొని, ముందు సీటు కింద చేతికందేలా క్లాంపుతో బిగించండి. డిక్కీలో స్టెప్నీ కింద పెట్టుకున్నది ఎవరికీ అందదు. మీటరు ముల్లు పచ్చలో ఉందో లేదో మూణ్ణెల్లకోసారి చూసుకోండి.

పాత బండ్లకి చాలామంది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుతో సరిపెడతారు, నేనూ అంతే. అది ఎదుటివాళ్ల నష్టానికే, మన బండి కాలిపోతే ఏమీ రాదు.

మన ఎండలకి పైపులు ఎలా కనిపించినా సరే నాలుగైదేళ్లకి మార్చేయాలని నేను పెట్టుకున్న లెక్క, మధ్యలో ఏటా ఏప్రిల్‌లో ఒకసారి టిష్యూ పరీక్ష. మార్చిన తేదీ బోనెట్ లోపల తెల్ల పెయింటుతో రాసుకున్నాను, బండి అమ్మినా కొన్నవాడికి తెలుస్తుందని. ఆ విరిగిన ముక్క డాష్‌బోర్డు అరలో ఉంచాను. మొన్న దసరాకి బండి పూజలో మా ఆవిడ కర్పూరం వెలిగించిన పళ్లెం బోనెట్ దగ్గరికి తెస్తూ ఆగి, "పర్లేదా?" అని అడిగింది. పైపులు కొత్తవే అయినా నాలుగడుగులు దూరం నుంచే తిప్పమన్నాను.